రేపల్లె నుంచి బాపట్లకి, సముద్రం మీదుగా

పొయ్యి

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అందరూ ఒక్కటే అడుగుతారు. "మేడమ్, ఉపగ్రహాలుండగా ఆకాశాన్ని వేడి చేసి మాట్లాడ్డం ఎందుకండి?" మంచి ప్రశ్నే. నా సర్వీసంతా ఆడిట్ వాళ్ళూ అదే అడిగారు, మా అత్తగారూ అదే అడిగారు. ఉపగ్రహం మొరాయించిన రోజున పనికొస్తుందని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ మనసులో మాట చెప్పమంటే, అసలిది అవుతుందో అవదో చూడాలన్న దురద మా అందరికీ ఉండేది. ప్రభుత్వం ఆ దురదకి జీతం కూడా ఇచ్చింది.

యంత్రాల గురించి మీకు పుస్తకాలున్నాయి. నేను మనుషుల గురించి రాస్తాను. అయితే పని ఏమిటో ముందు నాలుగు ముక్కల్లో చెప్పాలి.

మేఘాలకీ విమానాలకీ చాలా పైన, ఎండ తగిలి గాలి విద్యుత్తు పుంజుకున్న పొర ఒకటుంది. అయనోస్ఫియర్ అంటారు. కొన్ని రకాల రేడియో తరంగాలు దానికి తగిలి దూరాన పడతాయి. మేము వాడినటువంటివి మాత్రం దాన్ని దూసుకుని అంతరిక్షంలోకి పోతాయి, మళ్ళీ రావు. అయితే కింది నుంచి మహా బలమైన తరంగాన్ని గురిపెట్టి ఆ పొరలో ఒక ముక్కని వేడెక్కిస్తే, అక్కడ నునుపు పోయి గరుకు తేలుతుంది. ఆ గరుకుకి తగిలి మా మాట చెదిరి, తూర్పున సముద్రం మీద రాలుతుంది. వేడి ఆపేస్తే గరుకు సర్దుకుపోతుంది. వేడి చేస్తూనే ఉందామంటే యంత్రం ఓర్చుకోదు. మొత్తం మీద మాకు దొరికేది ఒక మనిషి నింపాదిగా కాఫీ తాగేంత సమయం.

వేడి చేసే యంత్రం బాపట్లలో, సూర్యలంక రోడ్డు పక్కన సరుగుడు తోటలు దాటాక ఉండేది. మేమంతా దాన్ని పొయ్యి అనేవాళ్ళం. పొలమంత జాగాలో స్తంభాలూ తీగలూ. ఆదివారాలు గుంటూరు నుంచి సముద్రస్నానానికి వచ్చిన వాళ్ళు ఆ కంచె దగ్గర నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు. ఒకాయన సెగ తగులుతోందని చొక్కా కూడా విప్పేశాడు. ఆ రోజు పొయ్యి వెలిగించనే లేదు.

మాట్లాడే గది రేపల్లెలో, పెనుమూడి వెళ్ళే దారిలో ఉండేది. పైన పొర ఎంత ఎత్తులో ఉందో, ఎంత గట్టిగా ఉందో చూపించే యంత్రం కూడా అక్కడే. తెనాలిలో ఆఫీసు. మూడు ఊళ్ళనీ కలుపుతూ ఒక టెలిఫోను లైను ఎప్పుడూ తెరిచి ఉండేది. ఒక చోట దగ్గితే మిగతా రెండు చోట్లా వినపడేది. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా బాధ మీకు అర్థమవుతుంది.

ఇద్దరు బావలు

సాయంత్రమయ్యేకొద్దీ ఆకాశంలో ఆ పొర కదులుతుంది, పల్చబడుతుంది. దానికి తగ్గట్టు పొయ్యి ఫ్రీక్వెన్సీని కొంచెం కొంచెంగా దించుకుంటూ రావాలి. లేకపోతే వేడి అంతా పొరలోంచి జారిపోతుంది. పొర ఎలా ఉందో రేపల్లెకే కనపడుతుంది. దించే మీట బాపట్లలో ఉంటుంది. అంటే ఈ ఇద్దరూ క్షణక్షణం మాట్లాడుకోవాలి.

రేపల్లె ఇన్‌ఛార్జి సాంబశివరావు గారు. బాపట్ల ఇన్‌ఛార్జి కోటేశ్వరరావు గారు. సాంబశివరావు గారి చెల్లెలు రమాదేవి గారిని కోటేశ్వరరావు గారికిచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు బావగారూ అనుకునేవాళ్ళు. ఈ ప్రాజెక్టు ఊహ మొదట ఇద్దరికీ కలిసే పుట్టింది, బాపట్ల స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తూ. అంత పెద్ద బుర్రలు ఆ తర్వాత మళ్ళీ మా డిపార్టుమెంటులోకి రాలేదు. రాలేదని వాళ్ళకీ తెలుసు, అదొక ఇబ్బంది.

కోటేశ్వరరావు గారు బాపట్లలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశారు. భోజనాల దగ్గర జనం ఎక్కువయ్యారు, విస్తళ్ళు చాల్లేదు. "మనవాళ్ళే కదా, తర్వాత కూర్చుంటారు" అని ఎవరో సాంబశివరావు గారిని రెండో బంతికి ఆపారు. ఇంటి ఇల్లాలి అన్నగారిని రెండో బంతికి! ఆయన కూర్చునేసరికి గుత్తివంకాయ కూర అయిపోయింది. పప్పు, పెరుగు వేసుకుని తిని, తాంబూలం ముట్టుకోకుండా ఆఖరి బస్సుకి రేపల్లె వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పగ అనుకునేరు. పగ కాదు. సాంబశివరావు గారి భార్య పోయి చాలా కాలమైంది, చెయ్యి కాల్చుకునేవారు. వారానికి రెండు మూడుసార్లు రమాదేవి గారు కూరలు వండి క్యారియరు కడితే, కోటేశ్వరరావు గారే స్వయంగా బస్టాండుకి వెళ్ళి, రేపల్లె బస్సు డ్రైవరు వెనక సీటు కింద పెట్టి, ఒలికిపోతుంది జాగ్రత్త అని చెప్పి వచ్చేవారు. సాంబశివరావు గారు తిని, గిన్నెలు తోమి తిప్పి పంపేవారు. కూరలో ఉప్పెక్కువైందని ఒకసారి నాతో కబురు చేశారు. మాటలు మాత్రం లేవు.

మధ్యలో నేను

మాటల్లేని వాళ్ళకి మన వైపు ఒక పద్ధతుంది, మీ ఇళ్ళలోనూ చూసే ఉంటారు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా మూడో మనిషితోనే చెప్పాలి. అవతలి వాళ్ళు చెవులారా విన్నా విననట్టే లెక్క. మూడో మనిషి నోటితో మళ్ళీ చెప్పాకే విన్నట్టు. ఆ మూడో మనిషి ఉద్యోగం నాకు పడింది. నా ఆర్డర్లో కమ్యూనికేషన్ ఇంజనీర్ అని ఉండేది, ఒకందుకు అది నిజమే.

పొయ్యి వెలిగించాక మా సంభాషణ ఇలా నడిచేది.

"సుశీలమ్మా, కాస్త కిందకి దించాలని చెప్పండమ్మా," అనేవారు రేపల్లె నుంచి సాంబశివరావు గారు.

"కోటేశ్వరరావు గారూ, కాస్త కిందకి దించాలంటున్నారండి," అనేదాన్ని తెనాలి నుంచి.

"ఎంత దించాలో కనుక్కోండి."

"ఎంతండి అని అడుగుతున్నారండి."

"ఇన్నేళ్ళ సర్వీసుంది కదా, ఆ మాత్రం తెలీదా అని అడగండి."

"సార్, అది నేను అడగలేనండి."

"పర్లేదు లెండి, వినపడిందని చెప్పండి," అనేవారు కోటేశ్వరరావు గారు.

ఈలోగా పొర పోయేది. వేడి జారిపోయేది. కాఫీ అయిపోయేది.

అవతల సముద్రంలో మా ప్రయోగానికని ఒక సర్వే ఓడ ఉండేది. దాని మీద వైర్‌లెస్ ఆపరేటరు ప్రకాశం, సూర్యలంక పల్లెకారుల అబ్బాయి, నెమ్మదస్తుడు. మా మాట, మైకులో పడ్డ మా గొడవతో సహా, అతనికి కొంత వినపడేది. అతను జవాబివ్వడానికి మీట నొక్కేసరికి గరుకు సర్దుకుపోయేది. అతని గొంతు ఒక్కసారి కూడా మాకు తిరిగి రాలేదు. మర్నాడు పొద్దున ఉపగ్రహం మీదుగా అతని మెయిలు వచ్చేది. "నిన్న సాయంత్రం 'ఆయనకి చెప్పం' వరకు చాలా స్పష్టంగా వినపడిందండి. ఆ తర్వాత లేదు." మా రేడియో పనిచేయలేదన్న కబురు ఎప్పుడూ ఉపగ్రహమే తెచ్చేది. సాంబశివరావు గారు ఆ మెయిళ్ళు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇవాళ మళ్ళీ చూద్దాం" అనేవారు.

ఆయనకి ఉన్న కోరిక అదొక్కటే. పేరు అక్కర్లేదు, పేపరు అక్కర్లేదు. తాము చేసిన ఆకాశానికి తగిలి ఒక మనిషి గొంతు తిరిగి రావాలి, దాన్ని తన చెవులతో వినాలి. నాతో చాలాసార్లు అన్నారు. అన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది, కోపం కూడా వచ్చేది. అడ్డం పడుతున్నది ఆకాశం కాదని ఆయనకి తెలియదా?

రాజీకి నేను ప్రయత్నించలేదనుకోకండి. బాపట్ల వెళ్ళి కోటేశ్వరరావు గారితో అన్నాను. "ఒక్క మాట మీరే ముందు అనెయ్యచ్చు కదండీ, మీకంటే పెద్దాయన." ఆయన "నాకేం అభ్యంతరం లేదమ్మా, ఆయన్ని ముందు మాట్లాడమనండి" అన్నారు. రేపల్లె వెళితే అక్కడా అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు. ఫ్రీక్వెన్సీ విషయంలో ఎప్పుడూ కలవని వాళ్ళు ఈ ఒక్క విషయంలో పూర్తిగా ఏకీభవించారు.

పిల్లి, కూజా

సాంబశివరావు గారి రిటైర్మెంటు దగ్గరపడింది. ఓడని కూడా ఇంకో ప్రాజెక్టుకి ఇచ్చేస్తున్నట్టు కబురొచ్చింది. అలాంటి సమయంలో కొత్త డైరెక్టరు దినకర్ గారు వచ్చారు. తెలుగువారే గానీ పుట్టి పెరిగింది ఢిల్లీలో. తెలుగు బాగా మాట్లాడేవారు, తెలుగువాళ్ళే ఆయనకి కొత్త. తెనాలిలో నా పక్కన ఒక సాయంత్రం కూర్చుని అంతా విని, పొయ్యి ఆపాక నావైపు తిరిగారు.

"ఆలస్యం మీ దగ్గరే ఉంది మేడమ్."

"అవునండి."

"వాళ్ళకి లైనుంది. ఒకరి మాట ఒకరికి వినపడుతోంది. మధ్యలో మీరెందుకు?"

"వాళ్ళకి మాటల్లేవండి, గృహప్రవేశం నుంచి."

"ఏ గృహప్రవేశం? దానికీ అయనోస్ఫియర్‌కీ టెక్నికల్‌గా ఏంటి సంబంధం?"

గుత్తివంకాయ దాకా వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. విని, మర్నాటి నుంచి నేను ఎవరి మాటా ఎవరికీ చేరవేయకూడదని, రేపల్లె వెళ్ళి యంత్రం చూసుకోవాలని ఆర్డరు వేశారు. తెనాలి కుర్చీలో తనే కూర్చున్నారు.

దినకర్ గారు చెడ్డ ఆఫీసరు కాదు. మధ్యలో మనిషిని తీసేస్తే ఆలస్యం తగ్గుతుందని ఎవరైనా అంటారు. కాకపోతే ఏ మనిషినైనా తీసేసేముందు, మొత్తం ఆ మనిషి మీదే ఆగి ఉందేమో ఒకసారి చూసుకోవాలి. మీరు రేపు అధికారులయ్యాక ఇది గుర్తుంచుకుంటే చాలు, నేనిదంతా రాసినందుకు ఫలితం దక్కినట్టే.

మొదటి రోజు పొయ్యి వెలిగించారు. లైను మీద చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. సాంబశివరావు గారు నావైపు చూశారు. "నాకు ఆర్డరు లేదండి," అన్నాను. ఆయన గది నలుమూలలా చూశారు. ఎలుకల కోసం మేం చేరనిచ్చిన పిల్లి ఒకటి బీరువా మీద పడుకుని ఉంది.

"ఏమే పిల్లీ, పైన పొర దిగిపోతోందే. కాస్త దించితే బాగుండును కదే," అన్నారు, లైనుకి వినపడేలా.

బాపట్ల నుంచి కోటేశ్వరరావు గారి గొంతు వచ్చింది. "ఏమయ్యా ఫ్యానూ, ఎవరైనా నాతో చెప్తే దించనా?"

పిల్లి చెప్పలేదు. పొర పోయింది.

అరగంటలో దినకర్ గారు నాకు ఫోన్ చేశారు. ఖరీదైన పరికరాలున్న గదిలో పిల్లి ఎందుకుందని అడిగారు. మర్నాటికి పిల్లిని బయటికి పంపమని ఆర్డరొచ్చింది. సాంబశివరావు గారు కిటికీ దగ్గరి మంచినీళ్ళ కూజాతో మొదలుపెట్టారు. "చూశావా కూజా, ఈ ఊళ్ళో మన మాట వినేవాళ్ళే లేరు." కరెంటు పరికరాల దగ్గర నీళ్ళుండకూడదని కూజాని కూడా తీయించేశారు. దినకర్ గారు లైను మీదే బతిమాలారు కూడా. "సార్, ప్లీజ్, ఇద్దరూ పెద్దవాళ్ళు, మాట్లాడుకోండి." "ఆయన్ని మాట్లాడమని చెప్పండి," అన్నారు ఇద్దరూ ఒకేసారి. దినకర్ గారు తల పట్టుకున్నారు గానీ, ఆ మాట మాత్రం చేరవేయలేదు. తను పెట్టిన రూలు తనే ఎలా తప్పుతారు పాపం.

ఆఖరి సాయంత్రం

ఓడ మర్నాడు వెళ్ళిపోతుంది. సాంబశివరావు గారు నెలాఖరుకి దిగిపోతారు. ఆ సాయంత్రం ఆ గొంతు వినపడకపోతే ఇక ఆయనకి ఎప్పటికీ వినపడదు. అది అందరికీ తెలుసు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. పొద్దున బాపట్ల నుంచి వచ్చిన క్యారియరు మూత తీయకుండా బల్ల మీదే ఉంది.

పొయ్యి వెలిగింది. ఆ రోజు పొర మాకు అనుకూలంగా, గట్టిగా, నెమ్మదిగా ఉంది. గరుకు తేలుతున్నట్టు యంత్రం చూపించింది. అంతలోనే వేడి జారడం మొదలైంది. దించాలి, వెంటనే దించాలి. ఆయన నావైపు చూశారు, నేను తల దించుకున్నాను. గదిలో పిల్లి లేదు, కూజా లేదు. అప్పుడు ఎదురుగా ఉన్న మైకు కనపడింది ఆయనకి. మీట నొక్కారు.

"ప్రకాశం! వినపడుతోందా నాయనా? బాపట్లలో ఉన్నాయనకి చెప్పు. పొయ్యి కాస్త కిందకి దించమను."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. రేపల్లె నుంచి బాపట్లకి చెప్పాల్సిన మాటని ఆయన ఆకాశానికెక్కించి, బంగాళాఖాతం మధ్యలో ఉన్న ఓడకి పంపారు. లైను మీద కోటేశ్వరరావు గారికి ఆ మాట అప్పటికే వినపడి ఉంటుంది. కానీ వినపడితే చాలదు కదా. ఆయన కదల్లేదు.

స్పీకర్లో గరగర. ఆ గరగరలోంచి, నూతిలోంచి వచ్చినట్టు, మనిషి గొంతు.

"బాపట్ల సారూ... రేపల్లె సారు... కిందకి దించమంటున్నారండీ..."

బాపట్లలో మీట తిరిగిన చప్పుడు లైను మీద స్పష్టంగా వినపడింది. గరగర తగ్గిపోయింది. ప్రకాశం గొంతు పక్క గదిలో ఉన్నట్టు నిలబడింది. వెనకాల ఓడ ఫ్యాను తిరుగుతున్న చప్పుడుతో సహా వినపడింది.

"సారూ, బాగున్నారా అండి? భోంచేశారా?"

సాంబశివరావు గారు స్పీకరునే చూస్తున్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. నేను భుజం తట్టాల్సి వచ్చింది.

"లేదు నాయనా. ఇంకా తినలేదు. నువ్వో?"

"ఇంకా లేదండి. ఇవాళ చేపల పులుసంటండి."

వేడెక్కించిన ఆకాశం మీదుగా మన దేశంలో ఒక మనిషి ఇంకో మనిషికి ఇచ్చిన మొదటి జవాబు అది. పైకి పంపిన నివేదికలో వాతావరణ సమాచారం ఇచ్చిపుచ్చుకున్నట్టు దినకర్ గారు రాశారు. పులుసు గురించి రాయలేదు, ఆ పులుసు వరకూ ఎలా వచ్చామో అసలే రాయలేదు.

మామూలుగా అయితే అప్పటికి పొయ్యి ఆపెయ్యాలి. దాని గుండెకాయలాంటి పెద్ద వాల్వు, పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టం లాంటిది, కాలిపోతే మళ్ళీ దొరికేది కాదు, చేసే కంపెనీయే మూతపడింది. కోటేశ్వరరావు గారు దాన్ని పసిపిల్లని చూసినట్టు చూసేవారు. వేడి హద్దు దగ్గరికి వస్తుంటేనే ఎవరు అడ్డొచ్చినా ఆపేసేవారు. ఆ రోజు హద్దు దాటిపోయింది. లైను మీద ఆయన అసిస్టెంటు గాభరాపడుతున్నాడు. "సార్, ఎర్ర గీత దాటేసిందండి, ఆపేద్దామండి, సార్!" బాపట్లలో మీట తిరిగిన చప్పుడు రాలేదు. పొయ్యి మండుతూనే ఉంది. అక్కడ ప్రకాశం తీరిగ్గా సముద్రం గురించి చెప్తున్నాడు, అలలు ఎక్కువగా లేవట, గాలి కొంచెం తిరిగిందట.

సాంబశివరావు గారు మైకు వదిలేసి లైను వైపు తిరిగారు. ఎదురుగా నేనున్నాను. నాతో చెప్పమనలేదు.

"ఆపండి బావగారూ. వాల్వు పోతుంది."

బాపట్ల నుంచి కోటేశ్వరరావు గారి గొంతు వచ్చింది.

"పోతే పోయింది. మీరు వినండి బావగారూ."